హాఫ్‌టైమ్ నిమ్మబద్దలు

"మమ్మీ, ఆదివారం మాచ్‌కి నువ్వు రావొద్దు."

స్టెఫీ ఆ మాట అనేసరికి రత్నమణి చేతిలో చింతపండు ముద్ద ఆగిపోయింది. కుళాయి కింద సగం తోమిన స్టీలు డబ్బా ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన "ఆనంద్ పాల్" అనే పేరు అరిగి అరిగి ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియదు. అది రత్నమణి తండ్రి పేరు. ఆయన కాలం నుంచీ గన్‌ఫౌండ్రీ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బుకు హాఫ్‌టైమ్‌లో నిమ్మబద్దలు ఆ డబ్బాలోనే వెళ్తున్నాయి.

"రావొద్దా? ఎందుకు బిడ్డా? కాలు గిట్ల నొస్తున్నదా? నా దగ్గర దాస్తున్నవా?"

"చూసినవా, గిందుకే." స్టెఫీ తలుపుకు ఆనుకుని గ్లవ్స్ వేళ్ళు ఒక్కొక్కటే లాగుతోంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తల్లికంటే జానెడు పొడుగు. "నాకేం కాలే. మంచిగనే ఉన్న. కానీ నువ్వొచ్చి గాడ కూసుంటవ్. 'ఇయ్యాల ఓడిపోతం, నాలుగు గోల్స్ తింటం' అంటవ్. అందరు నవ్వుతరు. నేను గోల్ల నిలవడి గదే యాద్ చేసుకుంటా. చేతులు ఒణుకుతయ్."

"అది రివాజు గదనే. నువ్వు పుట్టకముందు సంది అంటున్న. ఉత్త మాట."

"వాళ్ళకు ఉత్త మాట. నువ్వు నిజంగనే అంటవ్ మమ్మీ."

రత్నమణి కుళాయి కట్టేసింది. మళ్ళీ తిప్పింది. డబ్బా కడిగి బోర్లించింది.

నలభై ఏడేళ్ళలో ఆమెకు తప్పిపోయిన రోవర్స్ మాచ్‌లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తండ్రి పోయినప్పుడు ఒకటి, స్టెఫీ కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దన్న నెలల్లో కొన్ని, కరోనా రోజుల్లో అసలు మాచ్‌లే లేవు. ఇప్పుడు క్లబ్బు పుట్టాక మొదటిసారి ఆడపిల్లల జట్టు లీగ్‌లోకి దిగుతోంది. గోల్‌కీపరు తన కడుపున పుట్టిన పిల్ల. ఆ ఒక్క మాచ్‌కే రావొద్దంటోంది.

*

ఆనంద్ పాల్ నాంపల్లి స్టేషన్ పార్సెల్ ఆఫీసులో గుమాస్తా. ఆయన ఆదివారాన్ని రెండు ముక్కలు చేసుకున్నాడు. పదకొండు దాకా అబిడ్స్‌లో చర్చి, పదకొండున్నర నుంచి రోవర్స్. ఒకే గుడ్డ సంచిలో బైబిలు, పాటల పుస్తకం, నిమ్మబద్దల డబ్బా. ఆ పాటల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ నిమ్మవాసన వస్తుంది. పాస్టరుగారు ఒకసారి చేతిలోకి తీసుకుని, తుమ్మి, తిరిగిచ్చేశారు.

వేరే క్లబ్బులు నారింజలు పంచేవి. ఆనంద్ పాల్ ఒప్పుకునేవాడు కాదు. "నారింజ తింటే కడుపు సల్లబడతది. నిమ్మకాయకు ఉప్పద్ది సప్పరిస్తే కోపమొస్తది. కోపమొస్తేనే గోల్ కొడతరు" అనేవాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా రోవర్స్ ఆటగాడెవడూ రెండో సగానికి గీత దాటి మైదానంలోకి పోకూడదు. అది ఆయన పెట్టిన నియమం. రెఫరీలు ఈల ఊది ఊది అలిసిపోయేవారు.

ఏడేళ్ళ రత్నమణిని మొదటిసారి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. అబిడ్స్‌లో బడి వెనక మైదానం, ఆకుపచ్చ గేటు, ఇటుకరంగు జెర్సీలు. అవతలి జట్టులో అందరికీ మీసాలు ఉన్నాయి. మనవాళ్ళలో నలుగురికి ఇంకా మొలవనే లేదు. పిల్ల అది చూసి బావురుమంది. "నాయినా, మనోళ్ళు ఓడిపోతరు. దెబ్బలు తాకుతయ్. ఇంటికి పోదాం."

రోవర్స్ అయిదు ఒకటితో గెలిచారు.

మరుసటి ఆదివారం గేటు దగ్గరే నలుగురు చుట్టూ చేరారు. "ఏం పాపా, ఇయ్యాల ఏమైతది?" పిల్ల మళ్ళీ మీసాలు చూసింది. "మస్తు తింటం" అంది వణుకుతూ. మళ్ళీ గెలిచారు. ఇక అంతే. మొదటి ఈలకు ముందు పాల్‌గారి బిడ్డ చెడు పలకాలి. ఎంత చెడు పలికితే అంత మంచిది. పదిహేనేళ్ళు వచ్చినా, పాతికేళ్ళు వచ్చినా అదే రివాజు. చదువు ఏడో తరగతితో ఆగింది గానీ ఈ ఉద్యోగం ఆగలేదు.

వాళ్ళకు అది ఆట. రత్నమణికి కాదు. నిజంగానే భయమేసేది ఆమెకు. పిడుగు పడుతుందని, గోల్‌పోస్టు ఊడి ఎవరి తల మీదో కూలుతుందని, పరుగెత్తుతుంటే రెఫరీ గొంతులోకి ఈల జారుతుందని. ఒక వానాకాలం బంతి పక్క మోరీలో పడితే, తీయడానికి వెళ్ళిన లెఫ్ట్ బ్యాక్ ఆటగాడు కొట్టుకుపోయాడని కేకలు పెట్టింది. అతను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బంతి ఎత్తి చూపించాడు.

ఒక్కసారి మాత్రం నోరు జారింది. తొంభై నాలుగులో. రోవర్స్ మొట్టమొదటిసారి ఫైనల్‌కు వచ్చారు, పెద్ద స్టేడియంలో. ఇరవై మూడేళ్ళ రత్నమణి కొత్త చీర కట్టుకుంది. ఎండ మెత్తగా ఉంది. బ్యాండు వాయిస్తున్నారు. తండ్రి ముఖం వెలిగిపోతోంది. "చెప్పు బిడ్డా" అన్నాడు. ఆ ముఖం చూసి చెడు పలకబుద్ధి కాలేదు. "గెలుస్తం నాయినా" అంది.

నాలుగు సున్నాతో ఓడారు. ఓడితే ఓడారు. ఇరవయ్యో నిమిషంలో గోల్‌కీపరు సిద్ధార్థ్, తనకంటే మూడేళ్ళు చిన్నవాడు, బంతికోసం దూకి భుజం మీద పడ్డాడు. పుల్ల విరిగినట్టు చప్పుడు పై వరుస దాకా వినిపించిందని ఆమె ఇప్పటికీ అంటుంది. మెడ కింది ఎముక. దవాఖానలో నెలన్నర. ఆ తర్వాత సిద్ధార్థ్ మళ్ళీ పెద్ద మాచ్ ఆడలేదు.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనాల్సిన పనిలేదు. ఆ రోజు నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా రత్నమణి ఏ మంచి మాటనూ పైకి అనలేదు, ఆట గురించి గానీ ఇంటి గురించి గానీ. పెళ్ళిచూపుల్లో జయరాజ్ నచ్చాడా అని అడిగితే, "ఏమో, ఎట్లుంటడో" అంది. నాంపల్లి కోర్టులో గుమాస్తా అయిన జయరాజ్ ఆ మాట పట్టుకుని ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. పెళ్ళయిన పదేళ్ళకు స్టెఫీ పుట్టినప్పుడు, నర్సు "మంచి బరువుంది, ఆరోగ్యంగ ఉంది" అంటే, "జర మెల్లగ అనమ్మా" అని బతిమాలింది.

అలాంటి తల్లి పిల్లను ఎత్తుకుని మైదానానికి పోకుండా ఉండలేకపోయింది. క్లబ్బు చితికిపోయిన ఏళ్ళున్నాయి. పదకొండుమంది దొరక్క ఎనిమిదిమందితో దిగిన రోజులు, చూడటానికి ఆరుగురే వచ్చిన రోజులు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఈ తల్లీకూతుళ్ళే. స్టెఫీ గోల్‌పోస్టు వెనకే నడక నేర్చింది. బయటికి పోయిన బంతులు తెచ్చిచ్చింది. ఎనిమిదేళ్ళకు ఎవరివో పాత గ్లవ్స్ వేసుకుని నిలబడింది. "అన్నీ ఇడిసిపెట్టి గోల్‌కీపరేందే? వేరే జాగ లేదా?" అని తల్లి ఏడ్చింది. కీపరంటే ఆమెకు విరిగిన భుజమే.

*

శనివారం సాయంత్రం రాఘవేంద్ర ఫోన్ చేశాడు. అబిడ్స్‌లో పెన్నుల దుకాణం ఆయనది. అరవై ఏడేళ్ళు. రోవర్స్ కోసం దుకాణం మూసి వచ్చే మనిషి.

"చెల్లె, రేపు జర గట్టిగ చెప్పాలె. ఆడపిల్లల ఫస్ట్ మాచ్. కనీసం ఆరు గోల్స్ తింటమని చెప్పు."

"నేను వస్తలేనన్నా."

"పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది. స్టెఫీ వద్దన్నది."

"ఓర్నీ! గట్లెట్ల అంటది? క్లబ్బుకు ఒక పద్ధతి ఉన్నది గదా! నువ్వు చెప్పకుంటే ఈల ఊదనిస్తమా?"

"పిల్ల చేతులు ఒణుకుతయంటున్నది అన్నా."

రాఘవేంద్ర గొంతు తగ్గింది. "పోనీ, ఫోన్ల చెప్తవా? స్పీకర్ పెడత."

గదిలోంచి జయరాజ్ నవ్వాడు. "ముందు చర్చి, తర్వాత రోవర్స్, నా నంబర్ మూడు. ఇయ్యాల నేనొక మెట్టు ఎక్కిన రత్నా."

ఆమె నవ్వలేదు. కిందికి దిగి నాంపల్లి బజారు మొగలో యాదవ్వ తట్ట దగ్గరికి వెళ్ళింది. నిమ్మకాయలు ఏరి ఇచ్చే యాదవ్వ ముప్పై ఏళ్ళుగా స్కోరు అడగనిదే సంచి కట్టదు.

"రేపు ఎవరితోని?"

"సికింద్రాబాద్ పిల్లలంట. మస్తు గట్టోళ్ళంట. నేను పోతలేను."

"మరి నిమ్మకాయలెందుకు?"

రత్నమణికి కూడా తెలియదు. "డబ్బా పంపియ్యాలె గదా" అంది.

*

ఆదివారం చర్చిలో పాట నంబరు చెప్పినా ఆమె పుస్తకం తెరవలేదు. తెరిస్తే నిమ్మవాసన వస్తుంది. ఆశీర్వాదం అయ్యీ కాగానే సంచి భుజానికి తగిలించుకుని బయటపడింది. జయరాజ్ కూతురితో ముందే వెళ్ళాడు. గేటు దగ్గర డబ్బా ఇచ్చేసి ఇంటికి పోవాలని ఆమె లెక్క.

ఆకుపచ్చ గేటు దగ్గర సిద్ధార్థ్ నిలబడి ఉన్నాడు. యాభై ఒక్కటి ఇప్పుడు. జుట్టు నెరిసింది, ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగువన ఉంటుంది. ఆడపిల్లల జట్టుకు కోచ్ అతనే. స్టెఫీని ఏరుకున్నదీ అతనే.

"తమ్మీ, డబ్బా తీస్కో. నేను పోతున్న."

"నేనెట్ల తీస్కుంట అక్కా? హాఫ్‌టైమ్ పంచుడు మీ ఇంటోళ్ళ పని."

"స్టెఫీ రావొద్దన్నది."

"నాకు జెప్పింది." అతను ఆమె ముఖం చూశాడు. "దాని చేతులు గట్టియే అక్కా. ఒణికేది నీ మాటకు. ఒక్కసారి మంచిగ అంటే ఏం పోతది?"

రత్నమణి కళ్ళు అతని భుజం మీద ఆగాయి. ముప్పై ఒక్క ఏళ్ళు లోపల దాచిన మాట గేటు దగ్గర, మోటారు సైకిళ్ళ మధ్య బయటపడింది. "ఒక్కసారి అన్న తమ్మీ. తొంభై నాలుగుల. గెలుస్తమన్న. నీ బొక్క ఇరిగింది."

సిద్ధార్థ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచాడు. "అందుకా?"

"మరి?"

"అక్కా, ఆ రోజు నా బూట్ల కింద స్టడ్స్ అరిగిపోయినయ్. సబ్బు మీద నడిచినట్టున్నది. మీ నాయిన ముందు రోజే చెప్పిండు, కొత్తయి తెచ్చి ఇచ్చిండు గూడ. కొత్త బూట్లు కరుస్తయని నేనే ఏసుకోలే. మీ నాయిన గది ఎవ్వరికి చెప్పలే, నా ఇజ్జత్ పోతదని. నువ్వేమన్నవో నాకు తెల్వనే తెల్వదు. ఇన్ని దినాలు మోసినవా?"

అంతలో ఈల వినిపించింది. లోపల మాచ్ మొదలైంది. అతను పరుగెత్తాడు. పరుగెత్తుతూనే వెనక్కి తిరిగి అరిచాడు. "అది మాచ్‌కి రావొద్దన్నది. హాఫ్‌టైమ్ మాచ్ గాదు!"

రత్నమణి గోడ నీడలో నిలబడింది, డబ్బా పొట్టకు ఆనించుకుని. చూడకపోయినా ఆట తెలుస్తూనే ఉంది ఆమెకు. బంతి కాలికి తగిలే చప్పుడు వేరు, గోల్‌పోస్టుకు తగిలే చప్పుడు వేరు. కీపరు గ్లవ్స్‌లో పడితే మెత్తగా, బుట్టలో గుడ్డలు వేసినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు మూడుసార్లు విన్నది. మూడుసార్లూ ఊపిరి వదిలింది. నాలుగోసారి ఆ చప్పుడు రాలేదు. అవతలివాళ్ళ కేకలు వచ్చాయి. ఒకటి సున్నా.

నాయిన కొత్త బూట్లు తెచ్చాడా? వాటిని ఎక్కడ పెట్టాడు? ఇంట్లో ఎప్పుడూ కనపడలేదే. ఫైనల్ అయ్యాక ఆయన స్టేడియం నుంచి నాంపల్లి దాకా మాట్లాడకుండా నడవడం తన మీద కోపంతో అనుకుంది ఇన్నాళ్ళూ.

హాఫ్‌టైమ్ ఈల ఊదారు. ఆమె లోపలికి నడిచింది.

అమ్మాయిలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు, ఇటుకరంగు జెర్సీల నిండా దుమ్ము. స్టెఫీ తల ఎత్తి చూసింది. పొమ్మనలేదు. రత్నమణి డబ్బా మూత తీసి ఒక్కొక్కరికీ రెండేసి బద్దలు ఇచ్చింది. కొత్త పిల్లలు ఉప్పు నిమ్మకాయ చప్పరించి ముఖాలు వంకర్లు పెట్టుకున్నారు. చివరికి కూతురి దగ్గరికి వచ్చింది. మోకాలు గీసుకుపోయింది. అయోడిన్, సెప్టిక్, ఇంజెక్షన్, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. మింగింది.

వెనక రాఘవేంద్ర, ఆయనతోపాటు పాత మనుషులు నలుగురైదుగురు దగ్గరికి జరిగారు. "చెల్లె, ఇప్పుడన్న చెప్పు. లేటయినా పర్వాలేదు. ఆరు తింటమను."

అందరూ ఆమెనే చూస్తున్నారు. స్టెఫీ మాత్రం నేలకేసి చూస్తోంది, దెబ్బ కాచుకునేవాళ్ళలా మెడ బిగించి.

రత్నమణి తానే ఒక నిమ్మబద్ద తీసుకుని చప్పరించింది. తండ్రి చెప్పినట్టే ఎక్కడినుంచో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అరిగిన స్టడ్స్ మీద కావచ్చు.

"ఈ సగం మనది" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మంచిగ పడుతున్నవ్ బిడ్డా. గోడ అవతల నుంచి ఇన్న. మూడు పట్టినవ్."

రాఘవేంద్ర రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయిపోయింది. ముంచినవ్ చెల్లె."

స్టెఫీ తల ఎత్తింది. "నువ్వేనా మమ్మీ?"

"ఉండాల్నా, పోవాల్నా?"

పిల్ల ఆలోచించింది. డబ్బాలో మిగిలిన చివరి బద్ద తీసి నోట్లో పెట్టుకుంది. "ఉండు. గోల్ ఎనుక నిలవడకు. డాడీ పక్కన కూసో. కండ్లు మూసుకోకు, నాకు కనపడతది."

డబ్బా ఖాళీ అయింది. అమ్మాయిలు గీత దాటారు.

రెండో సగంలో పదో నిమిషానికే రోవర్స్ గోల్ కొట్టారు. రాఘవేంద్ర లేచి గంతేసి, తాను బాధపడుతున్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నాడు. తర్వాత ఆట అంతా స్టెఫీ గోల్ వైపే. ఒక కార్నర్ కిక్ బంతి ఎత్తుగా లేచింది. స్టెఫీ గాల్లోకి ఎగిరింది. ముగ్గురి మధ్య బంతిని అందుకుని ఎడమ భుజం మీద పడింది.

పడి లేవలేదు.

రత్నమణి నిలబడింది. పుల్ల విరిగిన చప్పుడు కోసం చెవులు వెతికాయి. జయరాజ్ ఆమె చేయి పట్టుకున్నాడు. గీత దగ్గర సిద్ధార్థ్ తన భుజం తడుముకుంటూ ఉన్నాడు. కళ్ళు మూసుకోవద్దంది పిల్ల. మూసుకోలేదు.

స్టెఫీ పక్కకు దొర్లింది. బంతి పొట్టకింద భద్రంగా ఉంది. లేచి మన్ను దులుపుకుని, భుజం ఒకసారి గుండ్రంగా తిప్పి, బంతిని మధ్యగీత దాటేలా తన్నింది.

ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా అవతలి పిల్ల దూరం నుంచి కొట్టింది. స్టెఫీ వేలికొసలు తాకాయి. సరిపోలేదు. రెండు ఒకటి. ఓడిపోయారు.

రత్నమణి నిలబడ్డచోటే ఆగి చూసింది. మంచి మాట అంది. ఓడారు. ఇప్పుడు ఆకాశం కూలాలి లెక్క ప్రకారం. డిసెంబరు ఎండ అలాగే ఉంది. మైదానం అవతల మెట్రో రైలు వెళ్ళింది. అమ్మాయిలు ఒకరి జడ ఒకరు లాక్కుంటూ వస్తున్నారు.

"చూసినవా చెల్లె? చెప్తే ఇనకపోతివి" అన్నాడు రాఘవేంద్ర.

స్టెఫీ గ్లవ్స్ పళ్ళతో లాగుతూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టుంది, ముఖం మాత్రం కుదుటగా ఉంది. "ఓడినం అంకుల్. అవతలోళ్ళు మంచిగ ఆడిన్రు. నా చేతులు ఒణకలే. ఆ ఆఖరిది వచ్చే వారం పడత." తల్లి వైపు తిరిగింది. "వచ్చే ఆదివారం మొదటి ఈలకే రా. గాని గిదే మాట అను."

"మల్లా ఓడితే?"

"మల్లా అను."

ఇంటికి నడిచేటప్పుడు రత్నమణి స్వెటర్ వేసుకోమంది, చెమట మీద చలి తగిలితే దగ్గు వస్తుందంది, దగ్గు ముదిరితే ఏమవుతుందో చెప్పబోయి ఆగింది. స్టెఫీ నవ్వి స్వెటర్ వేసుకుంది. జయరాజ్ సంచి మోస్తున్నాడు.

యాదవ్వ దూరం నుంచే కేకేసింది. "ఏమైంది? పోతలేనంటివి! ముఖం జూస్తే గెలిచినట్టున్నది."

"ఓడినం. రెండు ఒకటి."

"మరి గట్ల నవ్వుతవేంది?"

రత్నమణి తట్ట ముందు కూర్చుంది. "వచ్చే వారానికి చెప్పి పెడుతున్న యాదవ్వా. ఇరవై నిమ్మకాయలు, మంచి రసమున్నయి తీసిపెట్టు." లేచి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది. "ఒకటో రెండో మురిగిపోతయేమో. ఇరవై రెండు తియ్యి."